బోరుకొచ్చిన ఇంజను

చిన్న కారు ఇంజను మొరాయించినప్పుడు మనవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఏ ఇంజను వేయిస్తే బాగుంటుంది?" అని. అది మూడవ ప్రశ్న కావలసినదని నా అభిప్రాయం. మొదటి ప్రశ్న, ఇంజను నిజంగా పోయిందా అన్నది. రెండవది, పోతే అందులో ఏ భాగం ఎంత పోయింది అన్నది. ఈ రెండింటికీ కొలతలతో కూడిన సమాధానం చేతికొచ్చాక గానీ మూడవ ప్రశ్నకు అర్థం ఏర్పడదు. గడచిన మూడు నెలలుగా మా లింగంపల్లిలో ఈ విషయమై నేను విన్న సలహాలలో నూటికి తొంభై ఈ మూడవ ప్రశ్నతోనే మొదలయ్యాయి. అందుకే ఈ టపా.

ఈ ప్రాంతానికీ చిన్న కారుకూ ఒక చుట్టరికం ఉంది. సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. శాంత్రో, మాటిజ్, ఇండికా కార్లు మన దేశపు విపణిలోకి వచ్చినదీ ఆ సంవత్సరమే. మరుసటి ఏడు చివర వ్యాగనార్ వచ్చింది. అంతకు ముందు మారుతి 800, జెన్ తప్ప మధ్యతరగతికి చెప్పుకోదగ్గ ఎంపిక లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం, చందానగర్‌లోనో నల్లగండ్లలోనో అపార్టుమెంటు, దాని కింద ఒక చిన్న కారు అనే త్రిపుటి ఆ తరువాతి పదేళ్ళలో స్థిరపడింది. ఆ పదేళ్ళలో కొన్న కార్లకు ఇప్పుడు పదిహేనేళ్ళు దాటిన వయసు. అవన్నీ ఒకేసారి ముసలివయ్యాయి. కనుక ఈ ప్రశ్న నా ఒక్కడిదీ కాదు, నా ఒక్క కారుదీ కాదు.

మాది 2008 నాటి వ్యాగనార్. నంబరు పలక మీద నేటికీ ఏపీ 28 అనే ఉంది. ఆ అంకె రంగారెడ్డి జిల్లాది. రాష్ట్రం వేరుపడి కొత్త బండ్లకు మొదట టీఎస్, 2024 నుండి టీజీ వచ్చినా దానికి మాత్రం పాత పేరే మిగిలింది. నేను అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసి రెండేళ్ళయింది. నెలకు రెండు మూడు పర్యాయాలు మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, కూరగాయలు, పెళ్ళిళ్ళు, పేరంటాలు. ఇంతకు మించి ఆ బండికి పనిలేదు. ఎనభై రెండేళ్ళ అమ్మ మోకాళ్ళు వంచకుండా, నడుం వంచకుండా, తిన్నగా కూర్చోగలిగిన వాహనం మా ఇంట అదొక్కటే. అంచేత ఇది ఉక్కు గురించిన వ్యవహారంగా కనిపించినా, మా ఇంట్లో ఒక మనిషి బయటి ప్రపంచం చూడడం, చూడకపోవడం దాని మీద ఆధారపడి ఉన్నాయి.

కారు నీలిపొగ వదలడం, వెయ్యి కిలోమీటర్లకు లీటరు నూనె తాగడం మొదలుపెట్టింది. మా మెకానిక్ భాయ్ చెవి ఒగ్గి విని, పొగగొట్టం దగ్గర వేలు పెట్టి చూసి, "సార్, ఇంజను బోరుకొచ్చింది" అన్నాడు. ఎంత చక్కని మాట! సిలిండరు లోపలి గోడ అరిగి, పిస్టనుకూ గోడకూ మధ్య సందు పెరిగి, ఇక మళ్ళీ తొలిపించవలసిన స్థితికి చేరిందని దాని అర్థం. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పకుండానే తెలుగు మెకానిక్కులు ఒక్క మాటలో ఒక రోగనిర్ణయాన్ని ఇమిడ్చారు.

అయితే నీలిపొగ అంతా బోరు పొగ కాదు. ఇది ప్రతి కారు యజమానీ తెలుసుకోదగ్గ విషయం. పొద్దున్నే బండి తీయగానే ఒకసారి గుప్పుమని నీలిపొగ వచ్చి తరువాత తగ్గిపోతే, సాధారణంగా తప్పు వాల్వు కాడల దగ్గరి రబ్బరు సీళ్ళది. రాత్రంతా ఆ సీళ్ళ సందుల్లోంచి నూనె బొట్టుబొట్టుగా కారి పొద్దున్న కాలుతుంది. ఎక్కం ఎక్కేటప్పుడు, వేగం పెంచేటప్పుడు ఎడతెగకుండా పొగ వస్తుంటే రింగులను, బోరును అనుమానించాలి. తెల్లపొగ ఎడతెగక వచ్చి, రేడియేటరులో నీరు తగ్గిపోతుంటే అది హెడ్డు గాస్కెట్టు సంగతి. క్రాంకు గదిలోని ఆవిరిని బయటకు పంపే చిన్న పి.సి.వి. వాల్వు పూడుకుపోయినా బండి నూనె తాగుతుంది. ఆ చిన్న భాగం ధరకూ ఇంజను ధరకూ మధ్య నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

వీటిని తేల్చేందుకు కంప్రెషన్ పరీక్ష ఉన్నది. ఒక్కొక్క సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో మీటరు బిగించి, ఇంజనును తిప్పి, ఎంత ఒత్తిడి వస్తున్నదో రాసుకుంటారు. ఒక సిలిండరులో ఒత్తిడి తక్కువ వస్తే అందులో కాసింత ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూస్తారు. ఇప్పుడు అంకె పెరిగితే నూనె సందును పూడ్చిందన్నమాట, కనుక లోపం రింగులలోనో బోరులోనో ఉన్నది. అంకె పెరగకపోతే లోపం పైన వాల్వులలో ఉన్నది. అరగంట పని. "ఇంజను మార్చేయండి" అనే మాట ఈ అరగంట పనికి ముందే ఎవరైనా అంటే, ఆ సలహాను నమస్కరించి పక్కన పెట్టవచ్చు. మా బండిలో రెండు, మూడు సిలిండర్లలో అంకె తక్కువ వచ్చింది. నూనె పోస్తే పెరిగింది. భాయ్ మాట నిజమే.

ఇక అసలు ప్రశ్నకు వచ్చాను. నా ముందు పెట్టిన దారులు ఇవి: ఉన్న ఇంజనునే తొలిపించి కొత్త పిస్టన్లు వేయడం, అదే రకం పాత ఇంజనును ఎక్కడినుండో తెచ్చి బిగించడం, అంతకంటే కొత్తదీ బలమైనదీ అయిన వేరే ఇంజనును ఇందులో ఇమడ్చడం, పెట్రోలు గొడవే లేకుండా విద్యుత్తుకు మార్చడం, బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొనడం. కొత్త పూర్తి ఇంజను అనే దారి ఉత్పత్తి ఆగిపోయిన ఇంజన్ల విషయంలో దాదాపు మూసుకుపోయినట్టే. దొరికినా ఆ ధర పెట్టి ఈ వయసు బండిలో వేయించడం గుర్రం వెలకు మించిన జీను కొనడమే.

మూడవ దారితో మొదలుపెడతాను. ఎందుకంటే కుర్రకారును అన్నింటికన్న ఎక్కువగా ఊరించేది అదే. మా వ్యాగనార్‌లోనిది ఎఫ్ 10 డి అనే నాలుగు సిలిండర్ల 1061 సీసీ ఇంజను. 2010లో కంపెనీ ఇదే పేరు గల కారుకు కె 10 బి అనే మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజనును ఇచ్చింది. "పేరు ఒకటే గదా అంకుల్, ఆ కె సిరీస్ ఇంజను వేయించండి, మైలేజీ కూడా పెరుగుతుంది" అని మా అపార్టుమెంటు కుర్రవాడొకడు ఎంతో ప్రేమగా చెప్పాడు. ఎస్టీమ్‌లోని 1.3 లీటర్ల ఇంజనును జెన్‌లో బిగించడం ఒకప్పుడు సరదారాయుళ్ళ వేడుక. ఆ రెండూ ఒకే కుటుంబపు ఇంజన్లు కాబట్టి అది కొంతవరకు కుదిరేది. ఎఫ్ కుటుంబమూ కె కుటుంబమూ దాయాదులు కూడా కావు. ఇంజనును పట్టి ఉంచే మౌంటింగుల చోటు వేరు, గేరుబాక్సు కలిసే ముఖం వేరు, ఇంజనును నడిపే కంప్యూటరు వేరు, దానికి వెళ్ళే తీగల అల్లిక వేరు. మూడు సిలిండర్ల ఇంజను అదురు స్వభావం సైతం నాలుగింటి అదురుకు భిన్నం. ఇన్నింటినీ కుదిర్చే సరికి మన చేతికి వచ్చేది వ్యాగనార్ కాదు, రేపు చెడితే ఏ మెకానిక్కుకూ బోధపడని ఒక ఒంటరి ప్రాణి.

బలమైన ఇంజనుకు ఇంకొక ప్రమాదం ఉన్నది. కారు అంటే ఇంజను ఒక్కటే కాదు. ఇంజను ఎంత వేగాన్ని ఇవ్వగలదో, బ్రేకులు, టైర్లు, సస్పెన్షను అంత వేగాన్ని ఆపగలగాలి. 158 కిలోమీటర్ల మన బాహ్యవలయ రహదారి మీద వేగపరిమితిని 2023లో గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. సన్నని టైర్లూ పొడవాటి ఒళ్ళూ ఉన్న పాత కారుకు 1300 సీసీ ఇంజను తగిలించి, తెల్లాపూర్ దగ్గర ఆ రోడ్డెక్కితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరింగ్ పట్టా అవసరం లేదు. అంబాసిడర్ కారుకు 1990లలో ఇసుజు 1800 సీసీ ఇంజను వచ్చిన మాట నిజమే. కానీ దానిని బిగించినది తయారీదారు. దానికి తగినట్టు మిగతా భాగాలను కుదిర్చి, పరీక్షలు జరిపించి, అనుమతులు తెచ్చుకొని మరీ అమ్మాడు. షెడ్డులో ఆదివారం మధ్యాహ్నం జరిగే పనికీ దానికీ పోలిక లేదు.

చట్టం కూడా ఈ మాటే అంటున్నది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరింత గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అనే శిక్ష చేరింది. జరిమానా చిన్నదే కదా అనేవారు ఒక సంగతి మరువరాదు. పత్రంలో ఉన్నది ఒక ఇంజను, బండిలో ఉన్నది మరొకటి అయినప్పుడు, ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థకు మనమే ఒక సాకు అందించినవాళ్ళమవుతాము. ఎదుటి మనిషికి తగిలిన గాయానికి పరిహారం మన జేబులోంచి వెళ్ళవలసిన పరిస్థితి రావచ్చు.

రెండవ దారి, అంటే అదే రకం పాత ఇంజను, గౌరవప్రదమైనదే. ఎఫ్ 10 డి ఇంజను ఒక్క వ్యాగనార్‌లోనే కాక, ఒకప్పటి ఆల్టో 1.1 లోనూ తొలినాటి జెన్ ఎస్టిలోలోనూ ఉండేది. కనుక వెదికితే దొరుకుతుంది. వనస్థలిపురం దగ్గరి మన ఆటోనగర్, విజయవాడ జవహర్ ఆటోనగర్, ఢిల్లీలో మాయాపురి వంటి చోట్ల పాత బండ్ల భాగాల మీద ఒక పెద్ద లోకమే బతుకుతున్నది. రాజధాని ప్రాంతంలో పాత వాహనాలపై నిషేధం మొదలైన తరువాత అక్కడి నుండి దక్షిణానికి ఇంజన్లు వస్తున్నాయని భాగాల వ్యాపారులే చెబుతారు. బజారు భాషలో "హాఫ్ ఇంజను" అంటే దిమ్మ, క్రాంకు, పిస్టన్లు. "ఫుల్ ఇంజను" అంటే హెడ్డుతో సహా. బేరమాడే ముందు ఈ రెండింటిలో దేని ధర చెబుతున్నారో స్పష్టం చేసుకోవాలి.

ఈ దారిలో చూసుకోవలసినవి రెండు. మొదటిది దాని ఆరోగ్యం. కింద పడి ఉన్న ఇంజను ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ చెప్పలేరు. చెప్పినా నమ్మనక్కరలేదు. ప్లగ్గులు విప్పి కొనలు చూడవచ్చు. నూనె మూత తీసి లోపల మడ్డి ఉందా, పాలు కలిసినట్టు తెల్లగా ఉందా చూడవచ్చు. తాత్కాలికంగా స్టార్టరు తగిలించి అక్కడే కంప్రెషన్ కొలవమనవచ్చు. ఒప్పుకోని వర్తకుడి దగ్గర కొనకపోవడమే మంచిది. వంటగ్యాసు జాతి ఇంధనంతో చిరకాలం నడిచిన ఇంజనైతే మరింత జాగ్రత్త వహించాలి. ఆ పొడి ఇంధనం వాల్వులు కూర్చునే పీటలను త్వరగా అరగదీస్తుంది.

రెండవది దాని పుట్టుక. ప్రతి ఇంజను దిమ్మ మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. అది మన ఆర్.సి.లో చేసిస్ నంబరు పక్కనే ఉంటుంది. ఇంజను మారితే ఆ నంబరు మారుతుంది; ఆ మార్పును పధ్నాలుగు రోజులలోగా రవాణా శాఖ వారికి తెలియజేసి పత్రంలో రాయించుకోవాలి. దానికి ఇంజను కొన్న బిల్లు కావాలి. బిల్లు ఇవ్వను, ధర తగ్గిస్తాను అనే వర్తకుడు మనకు అమ్ముతున్నది ఇంజనును కాదు, ఎవరి ఇంటి ముందు నుండో మాయమైన ఒక బండి తాలూకు అవశేషాన్ని కావచ్చు. జాతీయ నేర గణాంక సంస్థ వారి 'వాహన్ సమన్వయ్' సేవలో ఇంజను నంబరు ఇచ్చి, ఆ బండి చోరీ జాబితాలో ఉన్నదో లేదో జాలంలోనే చూసుకోవచ్చు. నంబరు చెరిపిన ఆనవాళ్ళున్న దిమ్మ ఎంత చవకగా వచ్చినా తాకరాదు. కొందరు, "పాత నంబరే దీని మీద గుద్దేస్తాం సార్, ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు" అంటారు. ఆ మాట నాకూ ఒకరు అన్నారు. అది సేవ కాదు, నేరం. ఇంటి పత్రాల మీద సర్వే నంబరు దిద్దించుకుంటామా?

ఇక మొదటి దారి, నేను ఎంచుకున్నది: రీబోరు. సిలిండరు గోడ అరగడం అన్ని వైపులా సమంగా జరగదు. పైభాగంలో మంట ఒత్తిడి ఎక్కువ, నూనె తక్కువ కనుక అక్కడ ఎక్కువ అరుగుతుంది. పిస్టను కిందకు దిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది కనుక ఆ వైపు ఎక్కువ అరుగుతుంది. ఫలితంగా గుండ్రని రంధ్రం కోడిగుడ్డు వాటంగా, పైన వెడల్పుగా కింద సన్నగా తయారవుతుంది. ఇందులో కొత్త రింగులు మాత్రం వేసి మూసేస్తే కొన్ని నెలలకే కథ మొదటికి వస్తుంది. రంధ్రాన్ని కొలిచి, సాధారణంగా పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్దదిగా తొలిచి, ఆ కొలతకు సరిపడే ఓవర్‌సైజు పిస్టన్లూ రింగులూ వేయాలి. తొలిచిన గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పడేలా హోనింగు చేయాలి. ఆ గీతలలో నూనె నిలిచి కొత్త రింగులకు కందెన అవుతుంది. అద్దంలా నున్నగా ఉండడం ఇక్కడ గుణం కాదు, దోషం.

ఇంత సూక్ష్మమైన పనిని మన లేతు మేస్త్రీలు దశాబ్దాలుగా చేస్తున్నారు. నేను చూసిన బోరింగు షాపులో ఒక పెద్దాయన బోరు గేజీని సిలిండరులోకి దించి, పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి, మళ్ళీ అడ్డంగా తిప్పి మూడుసార్లు, నాలుగు సిలిండర్లకూ కొలిచి సుద్దముక్కతో దిమ్మ మీదే అంకెలు వేశారు. మిల్లీమీటరులో నూరోవంతును ఆ చేయి ఎరుగును. "ఈ పని నేర్చుకునే కుర్రాళ్ళు రావడం లేదండీ, అందరూ డెలివరీ బండ్ల మీదకు పోతున్నారు" అన్నారు. ఇక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో గాజు మేడలలో వేలాదిమంది మిల్లీమీటరుతో నిమిత్తంలేని పనులు చేసి మనకంటే ఎక్కువే గడిస్తున్నారు. వారిని తప్పు పట్టను. మా అబ్బాయి కూడా వారిలో ఒకడు. కానీ ఒక నగరం సొంతంగా సరిచేసుకోగల వస్తువుల జాబితా ఏటేటా చిక్కిపోతుంటే, దానిని ఏ ఎగుమతుల లెక్కా పూడ్చలేదు.

రీబోరులో నన్ను ఆకర్షించిన అంశం మరొకటి ఉన్నది. దిమ్మ అదే, నంబరు అదే, పత్రం అదే. ఎవరి దగ్గరకూ పోయి ఏమీ నిరూపించుకోనవసరం లేదు. తెచ్చిన ఇంజను చరిత్ర మనకు తెలియదు. మన ఇంజను చరిత్ర మనకు తెలుసు. అది ఎప్పుడు వేడెక్కిందో, ఎప్పుడు నూనె మార్చామో మనమే సాక్షులం. అయితే రీబోరుకూ హద్దులున్నాయి. దిమ్మ పగిలినా, గోడలో పగులు కనిపించినా, కడ్డీ విరిగి పక్కను చీల్చుకు వచ్చినా, ఇంతకు మునుపే గరిష్ఠపు ఓవర్‌సైజుకు తొలిచి ఉన్నా ఈ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు రెండవ దారి, అంటే బిల్లుతో, నంబరు నమోదుతో అదే రకం ఇంజను. అల్యూమినియం దిమ్మలున్న తరువాతి తరం ఇంజన్లలో తొలిచేందుకు మిగిలే సందు తక్కువ కనుక, అక్కడ ముందే లేతు మేస్త్రీని సంప్రదించి నిర్ణయించుకోవాలి.

ఇంజను ఎలాగూ దించారు కాబట్టి, తరువాత మళ్ళీ దించకుండా ఆ సమయంలోనే మార్చవలసినవి కొన్ని ఉన్నాయి: టైమింగు బెల్టు, నీటి పంపు, క్రాంకు ఇరువైపుల ఆయిలు సీళ్ళు, అరిగి ఉంటే క్లచ్చి ప్లేటు. ఇవికాక ఈనాటి కాలం కోరేది మరొకటి: ఇంధనపు రబ్బరు గొట్టాలు. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం వచ్చేసింది. 2008 నాటి బండి ఆ మిశ్రమం కోసం పుట్టలేదు. పాతకాలపు రబ్బరు భాగాలను ఇథనాలు మెత్తబరచి పగిలేలా చేయగలదు. అటువంటి బండ్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ వారి నివేదికే అన్నది. కనుక ఇథనాలుకు తట్టుకునే గొట్టాలూ సీళ్ళూ అడిగి మరీ వేయించుకోవాలి. తీరా పని పూర్తయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని బాలింతలా చూసుకోవాలి. పరుగులు వద్దు, ఒకే వేగాన గంటలకొద్దీ నడపడం వద్దు, వెయ్యి తిరగగానే నూనె మార్చడం మరువరాదు.

మా అబ్బాయి వాదన వేరు. "నాన్నా, 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈ డబ్బు దీని మీద ఎందుకు పోస్తావు? కొత్త వ్యాగనార్ తీసుకో, నానమ్మ అందులోనూ వంగకుండానే ఎక్కుతుంది" అన్నాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అందులో బలం లేకపోలేదు. మా పాత బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, చక్రాలు పట్టేయకుండా ఆపే బ్రేకుల ఏర్పాటూ లేదు. ఎన్ని పిస్టన్లు మార్చినా అవి రావు. అది భారత్ స్టేజ్ 3 నాటి బండి. 2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న స్టేజ్ 6 బండ్లకంటే ఎక్కువే మలినం చేస్తుంది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలయింది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ప్రభుత్వం మనకు చెప్పదలచుకున్నది ఈ అంకెలలోనే స్పష్టంగా ఉంది.

అయినా నా లెక్క ఇది. నెలకు మూడువందల కిలోమీటర్లు తిరిగే బండికి ఐదేళ్ళ అప్పు పింఛనుదారుకు మోయదగ్గ బరువు కాదు. నూనె తాగడం మానిన ఇంజను వదిలే మలినం నిన్నటికంటే తక్కువ. కొత్త కారు తయారీలో ఉక్కుకూ రంగుకూ ప్లాస్టిక్కుకూ అయ్యే ఇంధనం కూడా ఎక్కడో పొగ అయ్యే ఉంటుంది. నేను నెలకు రెండువేల కిలోమీటర్లు తిరిగేవాడినైతే, పిల్లలను రోజూ రహదారి మీద తీసుకువెళ్ళేవాడినైతే మా వాడి మాటకే ఓటు వేసేవాడిని. అందుకే రెండు నియమాలు పెట్టుకున్నాను. ఇంజను పని ఖర్చు కారు ఈనాటి అమ్మకపు ధరలో మూడోవంతు మించితే ఆ పని మానాలి. ఊరి ప్రయాణాలకు ఈ కారు వాడరాదు; లింగంపల్లి నుండే కాకినాడ గౌతమి బయలుదేరుతుండగా నాకు దానితో పనేమి? సికింద్రాబాదు వెళ్ళాలంటే 2003 నుండి ఎం.ఎం.టి.ఎస్. ఉండనే ఉంది.

విద్యుత్తు దారి గురించి కూడా ఒక మాట. 52వ సెక్షను వేరే ఇంధనానికి, బ్యాటరీకి మార్చడాన్ని ఆమోదం పొందిన కిట్లతో అనుమతిస్తుంది. పాత ఆల్టోలు, వ్యాగనార్లకు మోటారూ బ్యాటరీలూ బిగించే పనిని మన హైదరాబాదు సంస్థ ఈట్రియో గత దశాబ్దం చివర చేపట్టి ఆమోదమూ సంపాదించింది. తరువాత దాని దృష్టి మూడు చక్రాల సరుకు బండ్ల వైపు మళ్ళింది. ఆ మళ్ళింపులోనే ఒక పాఠం ఉంది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే సరుకు బండికి బ్యాటరీ ఖర్చు తిరిగి వస్తుంది. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళే బండికి రాదు.

చివరిగా వాన సంగతి చెప్పకుండా లింగంపల్లి వాడు ఇంజను గురించి రాయరాదు. పెద్ద వాన పడితే మన రైల్వే వంతెన కింద నీరు నిలవడం అందరికీ తెలిసినదే. 2020 అక్టోబరు 13 నాటి వానకు నగరమంతటా కార్లు మునిగాయి. గాలి పీల్చే గొట్టం గుండా నీరు సిలిండరులోకి వెళితే, నీరు గాలిలా నలగదు కనుక పిస్టను కడ్డీ వంగిపోతుంది. నీటిలో ఆగిపోయిన బండిని మళ్ళీ తాళం తిప్పి లేపబోవడమే చాలా ఇంజన్ల మరణానికి కారణం. ఆ నష్టాన్ని మామూలు బీమా ఇవ్వదు. ఇంజను రక్షణ అనే అదనపు పూచీ వేరుగా తీసుకోవాలి. ఆగిన బండిని తోయించండి, లాగించండి, తాళం మాత్రం తిప్పకండి. కొత్త ఇంజను ఎంపిక గురించి నాకు తెలిసిన అత్యుత్తమ సలహా, దాని అవసరం రాకుండా చూసుకోవడమే.

చదువరులకు ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ ఆదివారం ఆర్.సి. చేతబట్టుకుని బానెట్టు ఎత్తి, మీ ఇంజను నంబరు ఎక్కడుందో వెదికి, గుడ్డతో తుడిచి, పత్రంలోని అంకెతో సరిచూడండి. పాత బండి కొన్నవారైతే తప్పనిసరిగా చూడండి. రెండూ కలవకపోతే ఏ ఇంజను మంచిదన్న చర్చకు ముందు మీరు తేల్చుకోవలసిన చర్చ మరొకటి ఉన్నదన్నమాట.